చేర్చుకొన్నంతనే చాలునా?

తమిళుల నడుమ తెలుగు బడి యేల యని యడుగువారికి మనము చెప్పు సమాధానము ఒక్కటే: బిడ్డకు తెలియు రీతిని చెప్పిననే చదువు వంటబట్టును. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని ప్రభుత్వములకు విధించినది. మనకై మనము కోరు ఈ న్యాయమునే డౌన్ సిండ్రోమ్ గల పిల్లలకును కోరవలెనని మా అభిప్రాయము.

ఇది అంటువ్యాధి కాదు. తల్లి చేసిన తప్పును కాదు. సాధారణముగా దేహకణములందు 46 క్రోమోజోములుండును. 21వ క్రోమోజోము అదనముగా నుండుటచే ఈ స్థితి కలుగునని 1959లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు వెల్లడించిరి.

ఇట్టి పిల్లలు నెమ్మదిగా నేర్తురు, కాని నేర్తురు. విన్నదానికంటె చూచినది వారి మనస్సున బాగుగా నిలుచును. పలువురికి వినికిడియందో చూపునందో లోపముండును. కండరముల పట్టు తక్కువగుటచే వ్రాత ఆలస్యముగా వచ్చును. కావున వారిని ముందు వరుసలో కూర్చుండబెట్టవలెను. మాటతోపాటు బొమ్మను చూపవలెను. పాఠమును చిన్న చిన్న భాగములుగా చెప్పి, బదులు చెప్పుటకు వ్యవధి నీయవలెను. వీనికి ధనముకంటె ఓర్పే ఎక్కువ కావలెను.

నలువదిమంది పిల్లలున్న తరగతిలో ఒక్క ఉపాధ్యాయుడు ఇదంతయు చేయగలడా యను ప్రశ్న న్యాయమైనదే. అందులకే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, భేదము చూపక చేర్చుకొనుటతోపాటు ఒక్కొక్క బిడ్డకు తగిన సహాయమును, శిక్షణ పొందిన ఉపాధ్యాయులను గూడ నిర్దేశించినది. ఆ సహాయమును విద్యాశాఖనుండి అడిగి తెచ్చుకొనుట బడికిని తలిదండ్రులకును ఉమ్మడి బాధ్యత. హాజరుపట్టీలో పేరు వ్రాసి, బిడ్డను వెనుక బల్లపై మరచుట విద్య కాదు.

"ఈ బిడ్డ రెండు భాషలు మోయలేడు, ఇంట తెలుగు మానుడు" అని కొందరు సలహా చెప్పుదురు. తలిదండ్రులు దానిని నమ్మనక్కరలేదు. డౌన్ సిండ్రోమ్ గల పిల్లలును రెండు భాషలు నేర్వగలరనియు, ఇంటిభాష రెండవ భాషకు అడ్డు కాదనియు పరిశోధనలు చూపినవి. అవ్వతో, తాతతో మాటాడు భాషను తీసివేసిన, ఆ బిడ్డ తన యింటనే పరాయివాడగును.

విద్యార్థులారా! తోటివానిని "మొద్దు" అనకుడు. ఆటకు పిలువుడు, అతడు మాట ముగించువరకు ఆగుడు. పెద్దలు చట్టముచే చేయింపలేని పని యిది. మీరు మాత్రమే చేయగలరు.