పట్టిన పరదేశపు చేపను మరల నీట విడువరాదు

ఆనేకల్ తాలూకాలో చెరువు లేని గ్రామము అరుదు. పట్టణమందలి దొడ్డకెరె మొదలుకొని హెన్నాగర, చందాపుర, ముత్తానల్లూరు, బిదరగుప్పె చెరువుల వరకు ఏ పేరు చెప్పినను, దాని ఆయకట్టున పండిన ధాన్యము తిని పెరిగిన పెద్దలు మన కుటుంబములలో ఉందురు. ఈ చెరువులలో నీరెంత, మురుగెంత అను చర్చ తరచుగా జరుగుచున్నది. నీటిలోపల ఏమి జరుగుచున్నదో విచారించువారు మాత్రము తక్కువ. సెలవు దినములలో గాలము వేయు యువకులను అడిగినను, వల వేయు బెస్తవారిని అడిగినను ఒకే సమాధానము వచ్చుచున్నది: జిలేబి మీను, అది కానిచో ఆఫ్రికా క్యాట్‌ఫిష్. పూర్వము విరివిగా దొరకిన పరిగెలు, జెల్లలు, కొరమీనులు నానాటికి తగ్గుచున్నవని వారే చెప్పుచున్నారు.

ఈ చేపలు తమంత తాము వచ్చినవి కావు. దోమపిల్లలను తినునను ఆశతో గంబూసియా అను చిన్న చేపను 1928లో ఇటలీ నుండి మన దేశమునకు తెచ్చిరి. మనము జిలేబి మీనని పిలుచు తిలాపియాను, పేదలకు చవుకగా ఆహారము దొరకునను సదుద్దేశముతో 1952లో తెచ్చిరి. ప్రపంచమున మిక్కిలి హాని చేయు 100 పరదేశ జీవుల పట్టికలో నేడు ఆ రెండును చేరియున్నవి. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ కథ వేరు. అది 1990 తరువాతి సంవత్సరములలో ప్రభుత్వానుమతి లేకయే బంగ్లాదేశము మీదుగా వచ్చినది. కేంద్ర ప్రభుత్వము 2000లో దాని పెంపకమును నిషేధించినది. జాతీయ హరిత న్యాయస్థానము 2019లో ఆ నిషేధమును స్థిరపరచినది. అయినను బెంగుళూరు పరిసర గ్రామములలో కోళ్ల వ్యర్థములు మేపి చాటుగా పెంచుటయు, అధికారులు ఆ గుంటలను ధ్వంసము చేయుటయు పలుమార్లు పత్రికల కెక్కిన సంగతులే. గట్టి వాన కురిసి గుంట పొర్లినచో, అందలి చేప చెరువు చేరుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.

వీని బలమెట్టిదో తెలిసికొనుట అవసరము. తిలాపియా తల్లి గుడ్లను, పిల్లలను నోట దాచుకొని కాపాడును. రెండు మూడు నెలల వయసుననే ఈనుట మొదలిడి, ఏడాదిలో పలుమార్లు ఈనును. చెరువు నిండ చేపలుండును గాని అరచేతికి మించి పెరిగినది దొరకదు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ గాలిని కూడ పీల్చగలదు. తడినేలపై ప్రాకి వేరొక నీటికి పోగలదు. తనకంటె చిన్నదైన ప్రతి చేపను మ్రింగును. ఇక అద్దాల తొట్టెలలో పాచి తినుటకై అమ్మబడు సక్కర్ చేప కలదు. దీనిని దయ్యపు చేప అనియు అందురు. దాని ఒంటిపైనున్న ఎముక పలకలు వలలను చించును. అది గట్లలో బొరియలు త్రవ్వి గుడ్లు పెట్టును. అట్టి బొరియలు పెరిగిన కొలది చెరువుకట్ట బలహీనమగును. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు నీటి నమూనాను పరీక్షించియే ఈ చేప ఉనికిని కనుగొను పద్ధతిని రూపొందించి, తూర్పు కనుమల జలాశయములలో ఇది విస్తారముగా వ్యాపించినదని చూపిరి.

పరదేశి అను మాటను మేము తేలికగా వాడుటలేదు. మన పెద్దలును తరముల క్రిందట ఇచటికి వచ్చినవారే. వచ్చినంత మాత్రమున ఎవరును దోషులు కారు. మన చెరువులలో పెంచు బొచ్చె, శీలావతి చేపలు సయితము ఉత్తరాది నదుల నుండి తెచ్చినవే. కాని అవి నిలువనీటిలో సాధారణముగా ఈనవు. ఏటేట పిల్లలను కొని వదలవలెను. వద్దనుకొన్న ఏడు మానవచ్చును. అదుపు మన చేతిలో నుండును. తిలాపియాను ఒకసారి విడిచిన పిమ్మట ఆ అదుపు మనకు దక్కదు. మా అభ్యంతరమంతయు ఇందుకే. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో 1950 తరువాత నైలు పెర్చి అను పెద్ద చేపను విడిచిరి. దాని వ్యాపారము కొంతకాలము బాగుగనే సాగినది. అచటనే తప్ప మరెచటను లేని చిన్నచేపలలో రమారమి 200 జాతులు ఈలోగా నశించినవని శాస్త్రజ్ఞుల అంచనా.

పేదవాని కంచములోని చవుక చేపను తప్పుపట్టుట న్యాయమా అని కొందరు అడుగవచ్చును. చెరువులో ఇదివరకే ఉన్న తిలాపియాను పట్టి తినుటకు మేము అడ్డుచెప్పము. ఎంత పట్టిన అంత మేలు. క్రొత్తగా విడుచుటనే కాదనుచున్నాము. నిషేధింపబడిన క్యాట్‌ఫిష్‌ను చాటుగా పెంచి అమ్ముటను అసలే ఒప్పుకొనము. సరకు చవుకగా వచ్చినంత మాత్రమున లాభమనరాదని వర్తకులకు వేరుగ చెప్పనక్కరలేదు.

పట్టుట ఒక్కటియే చాలునా అనగా చాలదు. పూర్వము వేసవిలో చెరువు ఎండెడిది. రైతులు పూడికమట్టిని పొలములకు తోలుకొనెడివారు. తొలకరికి కాలువల వెంట నాటుచేపలు మరల ఎక్కివచ్చెడివి. నేడు పెక్కు చెరువులు వేసవిలోను ఎండుటలేదు. రాజకాలువలు వాననీటికి బదులు మురుగు మోసికొని వచ్చుచున్నవి. మురుగునీట ప్రాణవాయువు తగ్గును. అట్టి నీటిలో పరిగె చచ్చును, క్యాట్‌ఫిష్ బ్రతుకును. చందాపుర చెరువు కాలుష్యము విషయమున జాతీయ హరిత న్యాయస్థానము 2022లో రాష్ట్ర ప్రభుత్వముపై 500 కోట్ల రూపాయల పరిహారము విధించినది. ఆ తీర్పు నీటికి సంబంధించినదే యైనను, చేపల విషయమునకు మూలమును అచటనే కలదు. మురుగు ఆగనిదే ఎన్ని వలలు వేసినను నాటుచేప తిరిగిరాదు. మరవ పొర్లినప్పుడు ఈ చేపలు దిగువ చెరువులకును, దక్షిణ పినాకినికిని పోవును గనుక ఇది ఒక్క గ్రామపు సమస్యయు కాదు.

మనలో చేప ముట్టని కుటుంబములు పెక్కు కలవు. ఈ వ్యవహారముతో తమకు నిమిత్తము లేదని వారు తలపవచ్చును. నిజమునకు ఈ వ్యాసము వారి కొరకే ముఖ్యముగా వ్రాయబడినది. పిల్లల ముచ్చటకై తొట్టెలో పెంచిన చేప పెద్దదైనప్పుడు, చంపుటకు మనసొప్పక చెరువులో విడుచువారు అట్టి యిండ్లలోనే ఎక్కువ. బజారున ప్రాణముతో నున్న చేపను కొని, పుణ్యమని నీట విడుచు భక్తులును కలరు. ఒక ప్రాణిని రక్షించితిమను తృప్తి వారికి కలుగును. ఆ ఒక్క ప్రాణి మూలమున నశించు వేల ప్రాణులు వారి కంటికి కనబడవు. దయ మంచిదే, అది చెరువంతటికిని వర్తింపవలెను. తొట్టెలోని చేపను పెంచలేనివారు అమ్మిన దుకాణమునకే తిరిగి యీయవలెను, లేదా పెంచుకొను వేరొకరి కీయవలెను.

గాలము వేయు యువకులకు మా మాట ఇది: ఈ పరదేశపు చేప పడినచో దానిని మరల నీట విడువరాదు. గట్టున విసరి పోవుటయు తగదు. క్యాట్‌ఫిష్ అచటనుండి ప్రాకి మరల నీరు చేరగలదు. ఊరక బాధింపక వెంటనే చంపవలెను. నాటుచేప చిన్నది పడినచో దానిని మాత్రము జాగ్రత్తగా నీట విడువవలెను. ఏది ఏదియో గుర్తింపలేనిచో బెస్తవారి నడుగుటకు సిగ్గుపడరాదు. ఈ విద్యలో వారే గురువులు.

చెరువును కౌలుకిచ్చు అధికారులు, ఏ జాతి పిల్లలను వదలుచున్నారో పంచాయతీ ఎదుట చూపించిన పిదపనే వదలవలెనను నియమము పెట్టవలెను. పరదేశపు చేపలను తీసివేయు పని కౌలుదారు నెత్తిన మాత్రమే మోపక, ఆ మేరకు కౌలులో తగ్గింపు నీయవలెను. ఈ కోరికలతో మత్స్యశాఖకు ఒక విన్నపము పంపుట మంచిదని మా అభిప్రాయము. దానిని కన్నడమున వ్రాసి, ఇరుగుపొరుగు కన్నడ సోదరుల చేతను, బెస్తవారి చేతను మొదట సంతకములు చేయించి, పిమ్మట మనము చేయుట ఉచితము. చెరువునకు భాషాభేదము లేదు. వచ్చే వానలలోపు ఈ పని జరుగవలెను. మరవ పొర్లిన పిమ్మట విచారించి ప్రయోజనము లేదు.