పాపాయికి రాత్రే పగలు – తల్లి కంటికి కునుకేదీ?

“పగలంతా హాయిగా నిద్రపోతాడు డాక్టరు గారూ! రాత్రి పదయ్యేసరికి లేచి ఏడుపు లంకించుకుంటాడు. దిష్టి తీశాం, వాము నీళ్ళు పట్టాం, గుణం లేదు.” కాన్పయిన ఇళ్ళలో తరచు వినిపించే మాట ఇది.

బిడ్డ పాలు బాగా తాగుతూ, బరువు పెరుగుతూ ఉంటే ఇది జబ్బు కాదు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప వాము నీళ్ళు కూడా పట్టనక్కర్లేదు.

మన మెదడులో ఒక గడియారం ఉంది. కంట పడే వెలుతురును బట్టి అది నిద్రకూ, మెలకువకూ వేళలు నిర్ణయిస్తుంది. చీకటి పడితే మెలటోనిన్ అనే హార్మోను ఊరి నిద్ర వస్తుంది. కడుపులో ఉన్నంతకాలం ఇది బిడ్డకు తల్లి నుంచే అందుతుంది. పుట్టాక సొంత గడియారం కుదుటపడటానికి రెండు మూడు నెలలు పడుతుంది. అందాకా రోజుకు 16 గంటలు పడుకున్నా, ఆ నిద్ర ముక్కలు ముక్కలుగానే ఉంటుంది.

బాలింతను చీకటి గదిలో ఉంచే అలవాటు మానండి. పగలు కిటికీలు తెరవండి. తల్లీబిడ్డా ఉదయపు వెలుతురులో కాసేపు కూర్చోవాలి. రాత్రి పాలిచ్చేటప్పుడు చిన్న దీపం చాలు. మాటలూ, ఆటలూ వద్దు. రాత్రిపూట తల్లిపాలలో మెలటోనిన్ ఉంటుంది. అది కూడా బిడ్డకు మేలే.

బిడ్డ సంగతి సరే, తల్లి మాటేమిటి? కాన్పయిన మూడో రోజు నుంచి అయిదో రోజు లోపల ఊరికే ఏడుపు రావడం, చిరాకు కలగడం చాలామందిలో మామూలే. రెండు వారాల్లో అదే తగ్గిపోతుంది. తగ్గకపోతే మాత్రం ఉపేక్షించకండి. దేనిమీదా ఆసక్తి లేకపోవడం, “నేను మంచి తల్లిని కాను” అని కుమిలిపోవడం, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టకపోవడం – ఇవి మానసిక కుంగుబాటు లక్షణాలు. మన దేశంలో జరిగిన పరిశోధనలను 2017లో క్రోడీకరించి చూస్తే, బాలింతల్లో దాదాపు అయిదుగురిలో ఒకరికి ఇది ఉన్నట్లు తేలింది. ఇది సోమరితనం కాదు, పొగరు అంతకన్నా కాదు. “మేం కనలేదా, పెంచలేదా?” అని అత్తగారు దెప్పితే జబ్బు ముదురుతుందే తప్ప తగ్గదు.

ఇంట్లోవాళ్ళు చేయగలిగిన మొదటి వైద్యం ఆమెను నిద్రపోనివ్వడం. రాత్రి ఒక్క విడతైనా నాలుగైదు గంటలు ఏకధాటిగా పడుకోవాలి. ముందుగా పిండి, శుభ్రంగా ఫ్రిజ్‌లో ఉంచిన పాలను భర్తో, అమ్మమ్మో ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. తేన్పు తెప్పించడం, గుడ్డలు మార్చడం, జోకొట్టడం తల్లే చేయాలని ఎక్కడా రాసిలేదు.

అప్పటికీ తేరుకోకపోతే డాక్టరుకు చూపించండి. పాలిచ్చే తల్లులు వాడదగిన మందులున్నాయి. పాలు మాన్పించే నిర్ణయం మీరే తీసుకోకండి. ప్రభుత్వ టెలీ మానస్ నెంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. చనిపోవాలనో, బిడ్డను ఏమైనా చేయాలనో ఆలోచనలు వచ్చినా, లేని మాటలు వినిపిస్తున్నాయన్నా తెల్లవారేదాకా ఆగవద్దు. తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలక, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

బాలింతను చూడబోయినప్పుడు, “బాబు బాగున్నాడా?” అని అందరూ అడుగుతారు. “నువ్వు నిద్రపోతున్నావా, అమ్మా?” అని కూడా అడగండి.