గాబులో కలువ, బోదెలో గుర్రపుడెక్క

హాస్టల్ వెనక పగిలిపోయి పడివున్న సిమెంటు గాబుకు మాటు వేసి, అడుగున బంకమట్టి పోసి, ఒక కలువ దుంప నాటి, నాలుగు గప్పీ చేపలు వదిలాను. "ఏమిరా, ఇంటి దగ్గర వరి చాలక ఇక్కడ కూడా సేద్యమా?" అని మిత్రులు వెక్కిరించారు. వెక్కిరింపుల మాట అటుంచి, రీడింగ్ రూములో గుండ్రటి గాజు గిన్నె పెట్టి బంగారు చేపను వెయ్యాలనే ఆలోచనకు మాత్రం నేను వ్యతిరేకిని.

నీటిలోకి ప్రాణవాయువు ఎక్కువగా చేరేది పైభాగం నుంచే. మూతి సన్నగా వుండే గిన్నెలో చేప ఊపిరికి తన్నుకుంటుంది. దాని విసర్జనలోని అమ్మోనియా ఆ కాసిని నీళ్లలో విషమవుతుంది. గాబు మూతి వెడల్పు. మట్టిలోని బాక్టీరియా అమ్మోనియాను నైట్రేటుగా మారిస్తే, కలువ దాన్ని ఎరువుగా తీసుకుంటుంది. పొలంలో యూరియా చల్లిన వాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర లేదు.

ఇక దోమలు. డెంగీ దోమకు నిలవ నీరుంటే చాలు, వారం పది రోజుల్లో గుడ్డు దోమయి లేస్తుంది. గప్పీలు ఆ పిల్లల్ని తినేస్తాయి. చేపల్లేని నీళ్లతొట్టిని అందానికని పెట్టుకోవడమంటే దోమలకు సత్రం కట్టించడమే!

ఇంతటితో ఊరుకుంటే పెద్దమనిషిననిపించుకుందును. కాని ఇంటర్ చదివే రోజుల్లో, ఊదాపూలకు మోజుపడి రెండు గుర్రపుడెక్క మొక్కలు తెచ్చి పాడుబడ్డ కుడితి తొట్టిలో వేశాను. రెండు నెలలు తిరక్కముందే తొట్టి నిండిపోయింది. మిగులు మొక్కల్ని చంపబుద్ధి కాక పంటబోదెలో వదిలాను. మరుసటి సార్వాకు బోదెలో నీళ్లే కనబడలేదు, అంతా ఆకే. చివరి మడికి నీరెక్కలేదు. మా నాన్న, పక్క చేను బాబాయి మోకాలిలోతు బురదలో రెండు రోజులు దాన్ని లాగి గట్టున పోశారు. ఇదెట్లా వచ్చిందని నాన్న అందర్నీ అడిగాడు. నేను నోరు విప్పలేదు.

కాబట్టి యూనియన్ వారికి నా మనవి. ఆ గాజు గిన్నె డబ్బులతో రెండు గాబులు కొని, రోజుకు ఐదారు గంటలు ఎండ తగిలేచోట పెట్టించండి. గప్పీ కూడా దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే, మన చెరువులది కాదు. అందుచేత పిల్లలు పెరిగితే ఇంకో గాబులోకి మార్చండి గాని కాలవలో పొయ్యొద్దు. మిగిలిన మొక్కల్ని ఎండబెట్టి పెంటకుప్పలో వెయ్యండి.

ఈ సంచిక మా ఇంటికి కూడా వెళుతుంది. బోదె సంగతి నాన్నకు ఇందులోనే తెలుస్తుంది.