పడవ దిగి చూడండి పాపికొండలు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పాపికొండలు చూసొచ్చామంటారు. ఏం చూశారు? పొద్దున్నే పడవెక్కారు, పై అంతస్తులో పాటలు పెట్టించుకుని గంతులేశారు, కొండలకు వీపు పెట్టి రీల్సు తీసుకున్నారు, చీకటి పడేలోగా ఇల్లు చేరారు. ఆ రీల్సులో మీ మొహాలే ఉన్నాయి గానీ గోదావరి ఏదీ?

వెళ్లొద్దనడం లేదు. మళ్లీ వెళ్లమంటున్నాను. ఈసారి ఆ పాటలు ఆపించి, నది చప్పుడు వినండి.

రాజమహేంద్రవరంలో దాటాలంటే 2.7 కిలోమీటర్ల రైలు వంతెన కావలసిన నది, ఇక్కడ ఈ కొండల మధ్య కొన్ని వందల మీటర్లలో ఒదిగి పోతుంది. త్ర్యంబకంలో పుట్టిన నీరు, దారిలో ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తెచ్చి కలిపిన నీరు, అంతా ఈ కొండల సందులోంచే సముద్రానికి పోవాలి. వరదలో దాని బలం ఎంతో ఊహించుకోండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి యాభై మంది దాకా పోయారు. ఫొటో బాగా రావడం లేదని లైఫ్‌జాకెట్ విప్పకండి. వరద ఉంది, పడవ కదలదు అంటే వాదించకండి. మీ ధైర్యం చూపడానికి వేరే పనులు బోలెడున్నాయి.

పడవలోంచి కనిపించే పచ్చదనం వట్టి పచ్చదనం కాదు. 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన, వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైబడిన అడవి అది. అడవిదున్నలు తిరిగే చోటు. హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు ఈ కొండల్లో తిరిగి 1945లో అచ్చువేసిన పుస్తకం పేరులోనే ఆ దున్నలున్నాయి. ఎక్కడో వియన్నాలో పుట్టినవాడు ఇక్కడి కొండరెడ్ల గూడేల్లో ఉండి వాళ్ల పోడు, పెళ్లి, చావు, పండగ రాసుకుపోయాడు. రాజమండ్రిలోనో ఏలూరులోనో చదువుకునే మీకు వాళ్లు ఇరుగుపొరుగు. ఒక్క పూట కూర్చుని మాట్లాడలేరా? దుబాసీ కూడా అక్కర్లేదు, వాళ్లదీ తెలుగే.

వెళితే చుట్టాల్లా వెళ్లండి. అడక్కుండా గుమ్మం ముందు కెమెరా ఎత్తకండి. పేరంటపల్లిలో వెదురు బొమ్మ కొంటే బేరమాడకండి; వెదురు ఎక్కడ కొట్టారో, ఎలా చీల్చారో అడగండి. జీలుగు చెట్టు ఏదో చూపించమనండి. మీకు తెలియని పది చెట్ల పేర్లు అక్కడి పదేళ్ల పిల్లాడికి తెలుస్తాయి. వాడి దగ్గర నేర్చుకోవడానికి సిగ్గుపడితే మీ డిగ్రీలు దేనికి?

వెంటనే వెళ్లమనడం ఎందుకంటే, దిగువన పోలవరం ఆనకట్ట కడుతున్నారు. పూర్తిస్థాయి నీటిమట్టం 150 అడుగులు. తాత్కాలిక అడ్డుకట్ట అయిన కాఫర్‌డ్యామ్ లేచాక వెనక్కి తన్నిన వరదకే దేవీపట్నం మునిగింది, చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ అయ్యాయి. ప్రాజెక్టు కావాలా వద్దా అని మీ కాలవగట్టు మీద వాదించుకోండి, కాదనను. డెల్టా రైతుబిడ్డలకు నీటి విలువ నేను చెప్పాలా! కానీ ఆ నీళ్ల కోసం ఇల్లు విడిచినవాళ్లను ఒక్కసారైనా చూడకుండా మాత్రం వాదించకండి. పునరావాస కాలనీలకు పోండి. వేటా, వెదురూ, విప్పపువ్వూ తెలిసిన ముసలివాళ్లు సిమెంటు అరుగుల మీద ఊరికే కూర్చుని ఉంటారు. వాళ్లకు కావలసినంత తీరిక ఉంది, అడిగేవాళ్లే లేరు.

ఫోన్లు మీ చేతుల్లోనే ఉన్నాయి కదా, వాటితో వాళ్ల మాటలు రికార్డు చేయండి. ఏ రేవుకు ఏ పేరు, ఏ మలుపులో ఏ దేవత, ఏ ఏడు వరద ఎక్కడిదాకా వచ్చింది, అన్నీ రాయండి. కొండమొదలు, కచ్చులూరు, కొల్లూరు, పేరంటపల్లి... ఒక్కో ఊరికి ఒక్కో నోటుబుక్కు పెట్టినా నలుగురు స్నేహితులకు సరిపోయే పని ఉంది. వానలు తగ్గగానే బయల్దేరండి.