పదమూడు వేల ఉద్యోగాలు... సంతకం దేనికి పెట్టారు?

మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో నెలకోసారైనా ఇలాంటి ఫార్వర్డ్ ఒకటి వస్తుంది. ‘మన జిల్లాకు ఫలానా కంపెనీ. ఇన్ని వేల కోట్లు. ఇన్ని వేల ఉద్యోగాలు.’ కింద శాలువాలు, పూలగుచ్ఛాలతో ఒక ఫొటో. పది నిమిషాలు తిరక్కుండానే ఎవరో జూనియర్ అడుగుతాడు: ‘అన్నా, దీనికి ఏ కోర్సు చేస్తే బెటర్?’

ఆ ప్రశ్న ఒకప్పుడు నేనూ అడిగాను. ఫైనలియర్‌లో ఉండగా మా ఊరికి గంట ప్రయాణంలో ఒక ఎలక్ట్రానిక్స్ యూనిట్ వస్తోందన్నారు. బెంగళూరులో టెస్టింగ్ ఉద్యోగం చేతిలో ఉంది. ప్యాకేజీ తక్కువని, ఇంటికి దూరమని వదిలేశా. 35 వేలు కట్టి ఒక సర్టిఫికెట్ కోర్సులో చేరా. పద్నాలుగు నెలలు ఎదురుచూశా. అక్కడ ఇవాళ్టికీ ప్రహరీ గోడ ఉంది, గేటు ఉంది, గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు. లెక్క ప్రకారం ఒక ఉద్యోగమైతే వచ్చింది.

ఆ కోపంలోనే, ఇలాంటి ప్రకటనలు అసలు ఎలా పుడతాయి, నిలబడకపోతే ఎవరు ఏం కోల్పోతారు అని వెతకడం మొదలుపెట్టా. కాగితాలన్నీ బయట పెట్టిన ఒక కేసు దొరికింది. అది అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మౌంట్ ప్లెజెంట్ అనే ఊరిది. చట్టం ప్రకారం దాని పేరు ‘విలేజ్’. జనాభా మాత్రం సుమారు 27 వేలు. మన లెక్కలో చిన్న మున్సిపాలిటీ అనుకోండి.

2017 జులైలో వైట్‌హౌస్‌లో ఫాక్స్‌కాన్ అధినేత టెర్రీ గౌ ఒక ప్రకటన చేశారు. పక్కన అప్పటి అధ్యక్షుడు ట్రంప్, విస్కాన్సిన్ గవర్నర్ స్కాట్ వాకర్ ఉన్నారు. విస్కాన్సిన్‌లో 1000 కోట్ల డాలర్లతో ఎల్‌సీడీ ప్యానెళ్ల ఫ్యాక్టరీ కడతామన్నారు. అప్పటి రేటులో దాదాపు 64 వేల కోట్ల రూపాయలు. ఉద్యోగాలు 13 వేల వరకు. సగటు జీతం ఏడాదికి 53,875 డాలర్లు. బదులుగా రాష్ట్రం దాదాపు 300 కోట్ల డాలర్ల రాయితీలు ఇస్తానంది. మరుసటి ఏడాది శంకుస్థాపనకు వచ్చిన ట్రంప్ దీన్ని ప్రపంచంలో ఎనిమిదో వింత అన్నారు.

హెడ్‌లైన్ అక్కడితో అయిపోయింది. అసలు విషయం ఆ తర్వాత కుదిరిన రెండు వేర్వేరు ఒప్పందాల్లో ఉంది. ఒకటి రాష్ట్రంతో. రెండోది మౌంట్ ప్లెజెంట్, రసీన్ కౌంటీలతో. ఈ రెండింటి మధ్య తేడా అర్థమైతే పెట్టుబడి వార్తలను మీరు చదివే తీరే మారిపోతుంది.

రాష్ట్రం తెలివిగా ఒక పని చేసింది. డబ్బు ముందు ఇవ్వలేదు. కంపెనీ ఉద్యోగం ఇచ్చి, జీతం చెల్లించాక, ఆ జీతంలో 17 శాతం, పెట్టిన పెట్టుబడిలో 15 శాతం పన్ను రాయితీగా వెనక్కిస్తానంది. ఏ ఏడాదికి కనీసం ఎందరిని తీసుకోవాలో కూడా రాసుకుంది. 2018కి 260 మంది. 2019కి 520 మంది. అది దాటకపోతే ఆ ఏడాదికి ఉద్యోగాల రాయితీ లేదు.

ఊరి పరిస్థితి అలా లేదు. ఫ్యాక్టరీ రావాలంటే ముందు భూమి కావాలి, రోడ్లు కావాలి, మిషిగన్ సరస్సు నుంచి నీటి పైపులు కావాలి, డ్రైనేజీ కావాలి. ఇవన్నీ ఫ్యాక్టరీ కంటే ముందే కట్టాలి. అందుకు ఊరు అప్పు చేయాలి. స్థానిక సంస్థల వంతు 76.4 కోట్ల డాలర్లని అంచనా. తలకు ఎంతో మీరే భాగించి చూడండి. డజన్ల కొద్దీ కుటుంబాలు ఇళ్లు, పొలాలు అమ్ముకుని వెళ్లిపోయాయి. వెళ్లనన్న వాళ్లకు ఇబ్బంది తప్పలేదు. బాగున్న ఇళ్లున్న ప్రాంతాన్ని కూడా ఊరి పాలకమండలి 2018లో ‘శిథిల ప్రాంతం’ అని ప్రకటించింది. భూసేకరణకు అది దారి. ఈ పద్ధతి మనకు కొత్తదేం కాదు, పేర్లే వేరు.

అప్పు తీర్చే ఏర్పాటు ఏమిటంటే, ఫ్యాక్టరీ వస్తే ఆ భూమి విలువ పెరుగుతుంది, విలువ పెరిగితే ఆస్తి పన్ను పెరుగుతుంది, పెరిగిన ఆ పన్నును అప్పు కిందికి మళ్లిస్తారు. మరి ఫ్యాక్టరీ రాకపోతే?

రాలేదు. కనీసం చెప్పినట్టు రాలేదు. మొదట అన్నది జనరేషన్ 10.5 ప్లాంట్. అంటే ఒక్కో గాజు పలక దాదాపు 3 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు ఉంటుంది. పెద్ద టీవీల ప్యానెళ్లు దాని నుంచి కోస్తారు. అంత పలచటి, అంత పెద్ద గాజును లారీల్లో దూరాలు మోయడం అయ్యే పని కాదు. అందుకే ఇలాంటి ఫ్యాక్టరీ పక్కనే గాజు ఫ్యాక్టరీ కూడా ఉండాలి. గాజు తయారుచేసే కార్నింగ్ కంపెనీ విస్కాన్సిన్‌లో ప్లాంట్ పెడతానని ఖరారు చేయనేలేదు. ఈసీఈ మూడో ఏడాది కుర్రాడు ఎవరైనా ‘గాజు ఎక్కణ్ణుంచి వస్తుంది సార్?’ అని ఆ రోజే అడిగి ఉంటే బాగుండేది అనిపిస్తుంది నాకు. కంపెనీ చిన్న సైజు ప్లాంట్ అంది. 2019 జనవరిలో టెర్రీ గౌ సహాయకుడు లూయిస్ వూ, విస్కాన్సిన్‌లో తాము కడుతున్నది ఫ్యాక్టరీ కాదని రాయిటర్స్‌కు చెప్పారు. విమర్శలు రాగానే మళ్లీ ఫ్యాక్టరీయే అన్నారు.

2018లో 260 మందికి చేరలేదు. 2019కి తమ దగ్గర 550 మంది ఉన్నారని కంపెనీ చెప్పింది. రాష్ట్ర సంస్థ లెక్కపెడితే ఒప్పందం ప్రకారం అర్హత ఉన్నవి 281. ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? ‘ఉద్యోగం’ అన్న పదానికి ఒప్పందంలో రాసుకున్న అర్థం నుంచి. పూర్తికాలం పనా, జీతం ఎంత, పని ఎక్కడ అన్నవన్నీ చూసే ఒకరిని లెక్కలో వేస్తారు. 2020 అక్టోబరులో రాష్ట్రం రాయితీ ఇవ్వనంది. కారణం సంఖ్య ఒక్కటే కాదు. ఒప్పందంలో రాసింది జనరేషన్ 10.5 ప్లాంట్, మీరు కడుతున్నది అది కాదు, కొత్త ఒప్పందానికి రండి అంది.

2021 ఏప్రిల్‌లో అప్పటి గవర్నర్ టోనీ ఎవర్స్ ప్రభుత్వంతో కంపెనీ కొత్త ఒప్పందం చేసుకుంది. పెట్టుబడి 1000 కోట్ల నుంచి 67.2 కోట్ల డాలర్లకు దిగింది. ఉద్యోగాలు 13 వేల నుంచి 1,454కు దిగాయి. రాయితీ గరిష్ఠంగా 8 కోట్ల డాలర్లు. పాత ఒప్పందం కింద రాష్ట్రం ఒక్క డాలరు పన్ను రాయితీ కూడా చెల్లించలేదు. రాష్ట్రం వేసిన రోడ్ల ఖర్చు వేరే సంగతి.

ఇక్కడే ఊరి ఒప్పందం నాకు ఆసక్తిగా అనిపించింది. రాష్ట్రంతో కంపెనీ బాధ్యతలు ఇంతలా తగ్గినా, ఊరితో ఒప్పందం మారలేదు. ఎందుకంటే ఊరు ఉద్యోగాల సంఖ్యను నమ్ముకుని అప్పు చేయలేదు. 2017 చివర్లో రాసుకున్న దాంట్లో ఒక షరతు ఉంది: 2023 జనవరి 1 నాటికి ఆ స్థలంలో ఆస్తి విలువ కనీసం 140 కోట్ల డాలర్లు ఉండాలి. లేకపోయినా ఉన్నట్టే లెక్కగట్టి కంపెనీ పన్ను కట్టాలి. కట్టిన భవనాల విలువ దానికి చాలా తక్కువే. అయినా పన్ను బాధ్యత పోలేదు. తర్వాత ఫాక్స్‌కాన్ హక్కులున్న భూమిలో కొంత మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లింది. 2024 మేలో ఆ కంపెనీ అక్కడ 330 కోట్ల డాలర్ల డేటా సెంటర్ ప్రకటించింది. ఒకప్పుడు ఎల్‌సీడీల కోసం వేసిన రోడ్లు, నీటి లైన్లు ఇప్పుడు సర్వర్ల అవసరానికి పనికొస్తున్నాయి.

ఊరి నాయకులు గొప్పవాళ్లని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఇళ్లు పోయిన వాళ్లను అడిగితే వేరే కథ చెబుతారు. నేను చెప్పేది ఒక్కటే: రాష్ట్రం తన డబ్బుకు రక్షణ రాసుకుంది. ఊరు తన అప్పుకు రక్షణ రాసుకుంది. ఆ 13 వేల ఉద్యోగాల మాట నమ్మి చదువు, ఊరు, ప్లాన్ మార్చుకున్న కుర్రాళ్ల కోసం ఎవరూ ఏమీ రాసుకోలేదు. వాళ్లు ఆ బల్ల దగ్గర లేరు. విస్కాన్సిన్ యూనివర్సిటీకి, అంటే మాడిసన్ క్యాంపస్‌కు, ఫాక్స్‌కాన్ 2018లో 10 కోట్ల డాలర్లు ఇస్తానంది. మొదటి ఏడాదిలో అందింది 7 లక్షల డాలర్లు. ఇంజినీరింగ్ విద్యార్థులకు పరిశోధన సంస్థ, ల్యాబులు అని అప్పట్లో ఎంత రాశారో చదివితే నవ్వు రాదు.

డేటా సెంటర్ వచ్చింది కదా, ఉద్యోగాలూ వస్తాయి కదా అంటారా? వస్తాయి. నిర్మాణం జోరుగా ఉన్నప్పుడు వేల మంది పనిచేస్తారు. ఎలక్ట్రీషియన్లు, పైప్ ఫిట్టర్లు, కాంక్రీటు పనివాళ్లు. కట్టడం అయిపోయాక మొదటి కేంద్రం నడపడానికి సుమారు 500 మంది అని మైక్రోసాఫ్టే చెప్పింది. వాళ్లలో ఎక్కువమందికి కావాల్సింది కోడింగ్ కాదు. కూలింగ్, పవర్, సర్వర్ హార్డ్‌వేర్, నెట్‌వర్క్ కేబుళ్లు. పక్కనున్న గేట్‌వే టెక్నికల్ కాలేజీతో కలిసి వెయ్యి మందికి పైగా శిక్షణ ఇస్తామన్నది కూడా ఇలాంటి పనులకే. బీటెక్ ఈఈఈ, మెకానికల్ వాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవండి.

ఎందుకంటే ఇదే మాట మన దగ్గరా నడుస్తోంది. విశాఖలో ఏఐ హబ్ కోసం ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. అదే విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకు కేటాయించారు. కంపెనీ వైపు నుంచి 1,370 కోట్ల రూపాయల పెట్టుబడి, 12 వేల ఉద్యోగాలు అన్నది మాట. హైదరాబాద్ పక్కన కొంగర కలాన్‌లో అదే ఫాక్స్‌కాన్ ప్లాంటు కట్టి నడుపుతోంది. 2023 మార్చిలో లక్ష ఉద్యోగాలన్న ప్రకటన వచ్చింది ఈ కంపెనీ గురించే. ఒకచోట జారిపోయింది కాబట్టి ఇంకోచోటా జారిపోతుందని అనుకోవడం తప్పు. ఫోన్లు, ఇయర్‌బడ్స్ అసెంబ్లీకి మనుషులు చాలామంది కావాలి, ఆ మనుషులు మన దగ్గర ఉన్నారు, గాజు పలక సమస్య లేదు. అయితే అసెంబ్లీ లైన్ ఉద్యోగానికి బీటెక్ డిగ్రీ ఎందుకు అన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది. అక్కడ ఇంజినీర్లకు పని ఉండేది ప్రాసెస్, క్వాలిటీ, మెషీన్ మెయింటెనెన్స్ విభాగాల్లో. లక్షలో వాళ్ల వాటా ఎంత అన్నదే మీకు కావాల్సిన అంకె.

కాబట్టి ఫార్వర్డ్ రాగానే నేనిప్పుడు చూసేవి వేరు. అది ఎంఓయూనా, జీవోనా, భూమి కేటాయింపు ఉత్తర్వా? ఎంఓయూ అంటే చాలావరకు ఇద్దరూ ‘చూద్దాం’ అనుకున్న కాగితం. భూమి కేటాయింపు ఉత్తర్వులో సాధారణంగా గడువు ఉంటుంది, పని మొదలుపెట్టకపోతే ఏం చేస్తారో ఉంటుంది. ఉద్యోగాల సంఖ్య ‘ప్రత్యక్షంగా’నా, ‘ప్రత్యక్షంగా, పరోక్షంగా’నా? పరోక్షం అన్నారంటే గేటు బయట టీ కొట్టు కూడా లెక్కలో ఉండొచ్చు. నిర్మాణంలో ఉద్యోగాలు, నడిపేటప్పటి ఉద్యోగాలు విడిగా చెప్పారా? ఎన్నో ఏడాదికి ఎన్ని? రాయితీ ముందే ఇస్తున్నారా, ఉద్యోగం ఇచ్చాకా? మొదటి ప్రశ్నకు జవాబు చాలాసార్లు ప్రభుత్వ వెబ్‌సైట్లోనే దొరుకుతుంది. దొరకకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, పది రూపాయల ఫీజు. గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే వాళ్లకు ఇది ఎలాగూ సిలబస్సే.

ఇంకో చిన్న పరీక్ష. కంపెనీ నిజంగా మనుషుల్ని తీసుకోబోతుంటే, లింక్డిన్‌లో ముందు కనపడేవి ఫ్రెషర్ పోస్టులు కావు. హెచ్‌ఆర్ మేనేజర్, ప్రాజెక్ట్ మేనేజర్, సేఫ్టీ ఆఫీసర్, యుటిలిటీస్ ఇంజినీర్. ఇవి ఆ ఊరి పేరుతో కనిపించాయంటే వేడి ఉన్నట్టు. శంకుస్థాపన జరిగి ఏడాదైనా ఇవేవీ లేకపోతే, మీరు కోర్సు ఫీజు కట్టడానికి ఇంకా టైముంది.

మొన్న ఆ ఫార్వర్డ్ కింద ప్రశ్న అడిగిన జూనియర్‌కు కోర్సు పేరు చెప్పలేదు. జీవో వెతికి పంపమన్నా. రెండు రోజులకు పంపాడు, పదకొండు పేజీలు. ఎకరాలు ఎన్ని, కరెంటు రాయితీ ఎంత, స్టాంపు డ్యూటీ మినహాయింపు ఎంత అన్నది పేరాలకు పేరాలు. ఉద్యోగాల అంకె ఒక్కచోటే ఉంది, దాని ముందు ‘సుమారు’ అని. ‘అన్నా, ఇంకో పీడీఎఫ్ ఏమన్నా ఉంటుందా?’ అని అడిగాడు. ఉంటే అదీ వెతకమన్నా. ఈలోగా చెన్నైలో ఇంటర్వ్యూ ఉందట, సోమవారం వెళ్తున్నాడు.