పరీక్షలకు అందని బాధ

జ్వరము వచ్చినవానికి ఇంటిల్లపాదియు గంజి కాచి యిత్తురు. కాలు విరిగినవానికి చేయూత నిత్తురు. కాని ఏండ్ల తరబడి కడుపునొప్పితో, విరేచనములతో, లేదా మలబద్ధముతో కుములువారికి దొరకునది తరచుగా విసుగే. “పరీక్షలన్నియు బాగుగనే యున్నవి గదా, ఇంక నీకేమి రోగము?” అను ప్రశ్న ఎన్ని యిండ్లలో వినబడుటలేదు?

వైద్యులు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అని పిలుచు ఈ వ్యాధిలో పేగునందు పుండు గాని, గడ్డ గాని కానరాదు. పేగునకును మెదడునకును నడుమ సాగు నాడీవ్యవహారము గాడి తప్పుటయే ఇందలి లోపము. ఇతరులకు తెలియనైన తెలియని వాయువు వీరిని మెలిపెట్టును. దీనిని గుర్తించుటకు నియమములు కలవు. 2016లో వెలువడిన రోమ్ ప్రమాణములు అట్టివి. కావున ఇది నటన కాదు, భ్రాంతి కాదు. క్యాన్సరుగా మారునదియు కాదు.

ప్రాణము తీయకున్నను ఈ వ్యాధి సంసారమును నలిపివేయును. బస్సెక్కుటకు భయము, పెండ్లి విందునకు జంకు. కోడలు వడ్డించినది తినకున్న ఆమెకు చిన్నతనము. తండ్రి తోడు రాకున్న పిల్లలకు అలుక. సేవచేయు ఇల్లాలు సైతము అలసిపోవును. ఆమెకును విశ్రాంతి కావలెనని ఎవరికి తోచును?

మనకు మరియొక చిక్కు కలదు. హోసూరులోనో, బరంపురములోనో, షోలాపురములోనో బజారున ఆ ప్రాంతభాషను ధారాళముగా మాటలాడు మన పెద్దలు కూడ కడుపులోని బాధను తెలుగుననే చెప్పగలరు. ఉబ్బరము వేరు, దేవుట వేరు, మెలిపెట్టుట వేరు. ఈ భేదము తెలిసిననే వైద్యునకు దారి దొరకును. కనుక ఆ భాష బాగుగా వచ్చిన ఇంటివారొకరు వెంట వెళ్ళి, రోగి మాటను కత్తిరింపక వినిపింపవలెను. రెండు వారములపాటు తిన్నదియు, బాధపడినదియు కాగితముపై వ్రాసికొని పోయిన బిడియము కొంత తగ్గును.

ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు, పప్పులు కొందరికి సరిపడవు. వైద్యుని సలహాపై కొన్ని వారములు మాని, ఒక్కొక్కటిగా మరల తిని చూడవలెను. అన్నిటిని శాశ్వతముగ మానుట బలహీనతకు మూలము. తాలింపునకు ముందే కొంత చారు వేరుగా తీసియుంచుట ఏ యింటికిని భారము కాదు. మలబద్ధము గలవారికి ఇసబుగోలు తరచు మేలుచేయును. మలములో రక్తము, కారణము లేక బరువు తగ్గుట, రక్తహీనత, నిద్ర లేపు విరేచనములు, ఏబది యేండ్లు దాటిన పిమ్మట క్రొత్తగా మొదలైన బాధ — వీనిలో ఏది కనిపించినను జాగు చేయక వైద్యుని చూడవలెను.

మందు వైద్యుడిచ్చును. “నీ బాధ నిజమే” అను మాట మాత్రము ఇంటివారే ఈయవలెను. ఆ మాటకు ఖర్చు లేదు. దానిని తెలుగుననే చెప్పుదము.