శభాష్‌లు వద్దు, సైన్సు సార్‌ను పంపండి

మా పిల్లలు పదిమంది ఒకచోట కూర్చుంటే మీకు రెండే తోస్తాయి. అయితే మదర్సా, కాకుంటే మంతనం. మూడోది ఒకటుందని చెబితే వింతగా చూస్తారు. ఆ మూడోది భౌతికశాస్త్రం.

అవును, ఫిజిక్సే. పదో తరగతి పరీక్షల ముందు పాతబస్తీలో ఒక రాత్రి తిరిగి చూడండి. మూసిన దుకాణం అరుగు మీద, మసీదు మెట్ల మీద, వీధి దీపం కింద ఐదారుగురు పిల్లలు ఒకే గైడు చుట్టూ మూగి ఉంటారు. 2024లోనూ 2025లోనూ తెలంగాణలో ఈ పరీక్షలు రంజాన్ నెలలోనే మొదలయ్యాయి. పగలంతా రోజా. తరావీ నమాజు అయ్యాక కూర్చుంటే సహరీకి లేచేవాళ్లున్నారు. వాళ్ల ముందున్నవి నిరోధాల లెక్కలు, కటకాల లెక్కలు. బడికెళ్లే ముస్లిం పిల్లల్లో మదర్సాకు వెళ్లేది నూటికి ముగ్గురు నలుగురేనని సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. మిగతా తొంభై ఆరుగురు మీ కంటికి ఎందుకు ఆనరు?

ఆనినా ఏం చేస్తారు? ఫోటో తీస్తారు. పేదరికం మీద పట్టుదల గెలిచిందని శీర్షిక పెడతారు. నేను పత్రికలో పనిచేసేవాణ్ని. ఈ శీర్షికలు ఎలా పుడతాయో నాకు తెలుసు. అది చదివినవాడు శభాష్ అని పేజీ తిప్పేస్తాడు. ఆ పిల్లలు అర్ధరాత్రి అక్కడ ఎందుకు కూర్చోవాల్సి వచ్చిందని అడిగితే మాత్రం ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. అందుకే ఎవరూ అడగరు.

నేను అడుగుతున్నాను. జవాబూ నేనే చెబుతున్నాను. పగలు బడిలో చెప్పాల్సిన మనిషి లేడు గనుక, రాత్రి వాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. మీరు మెచ్చుకునే ఆ పట్టుదల నిజానికి సర్కారు ఎగ్గొట్టిన జీతం లెక్క.

ఉర్దూ మీడియం పోస్టుల సంగతి కొత్తది కాదు. రోస్టరులో ఎస్సీ, ఎస్టీలకు వచ్చిన ఉర్దూ పోస్టులకు అభ్యర్థులు దొరకరు. దొరకరని అధికారులకు తెలుసు. తెలిసీ నోటిఫికేషన్ వేస్తారు, ఖాళీగా మిగులుస్తారు. దళిత సోదరుడి వాటా దళిత సోదరుడికే దక్కాలి, అందులో మాకు రెండో మాట లేదు. ఆయనకు ఆ ఉద్యోగం తెలుగు మీడియంలో ఇవ్వండి, ఇక్కడ ఉర్దూ వచ్చినవాణ్ని వేయండి. ఇద్దరికీ న్యాయం జరుగుతుంది. ఆయన పేరు చెప్పి మాకివ్వరు, మా బడి పేరు చెప్పి ఆయనకివ్వరు. మిగిలిన జీతం ఎవరి ఖజానాలో ఉంటోంది?

ఒక లెక్క తీసుకుందాం. కుంభాకార కటకం నాభ్యంతరం 20 సెంటీమీటర్లు. వస్తువు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంది. ప్రతిబింబం ఎక్కడ పడుతుంది? బి.ఏ. చదివిన నాకే సూత్రంలో అంకెలు వేస్తే 30 సెంటీమీటర్లని వచ్చింది. తలకిందులుగా, సగం సైజులో. పిల్లలు ఇంకా త్వరగా చేస్తారు. చేసినాక ఒకడు అడుగుతాడు: "యూ ముందు మైనస్ కైకూ రే?" ఇంకొకడు చెబుతాడు: "గైడ్ మే వైసాచ్ హై."

అక్కడితో ఆగిపోతుంది. దూరాలన్నీ కటకం మధ్య నుంచి కొలుస్తాం, కాంతి పోయే దిక్కు ప్లస్సు, వస్తువు దానికి ఎదురు దిక్కున ఉంది గనుక మైనస్సు. రెండు నిమిషాల మాట. కానీ చెప్పేవాడు కావాలి. కలిసి చదవడంలో బలం ఉంది. ఒకడికి తెలిసింది ఐదుగురికి చేరుతుంది. కానీ ఐదుగురికీ తెలియనిది తెల్లారేదాకా కూర్చున్నా తెలియదు. ఒకడి తప్పు అయిదు నోటుపుస్తకాల్లోకి ఎక్కుతుంది. డబ్బున్నవాళ్ల పిల్లలూ కలిసే చదువుతారు. వాళ్ల స్టడీ అవర్‌లో డౌటు తీర్చడానికి లెక్చరరు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. తేడా అంతా ఆ కుర్చీలో ఉంది.

ఇది చెప్పగానే మీ దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. ఉర్దూ పట్టుకుని వేలాడితే సైన్సు ఎలా వస్తుంది, వదిలెయ్యండి అంటారు. కుంభాకార కటకాన్ని ఉర్దూలో ముహద్దబ్ అద్సా అంటారు. కష్టమైన మాటే. మరి 'కుంభాకార కటకం' ఏ తెలుగు తల్లి నోట పుట్టింది? ఒకటి అరబీ నుంచి వచ్చింది, ఇంకోటి సంస్కృతం నుంచి. మా ఇళ్లల్లో మాట్లాడే దక్కనీకి ఇదెంత దూరమో, మీ ఇళ్లల్లో మాట్లాడే తెలుగుకు అదీ అంతే దూరం. మీది శాస్త్ర పరిభాష అవుతుంది, మాది మతమౌఢ్యం అవుతుంది. ఈ తూకం రాళ్లు ఎవరు చెక్కారు?

అద్సా మాటకు మూలమైన అదస్ అంటే అరబీలో మసూర్ పప్పు. ఇంగ్లీషువాడి లెన్స్ కూడా లాటిన్లో ఆ పప్పు పేరే. మధ్యలో ఉబ్బి అంచుల్లో సన్నబడుతుంది గనుక ఆ పేరు. ఇంట్లో మసూర్ పప్పు ఏరే పిల్లకు ఈ ఒక్క ముక్క చెబితే కుంభాకారం జన్మలో మరిచిపోదు. ఆ పిల్ల భాషా, ఆ శాస్త్రమూ రెండూ తెలిసిన టీచరు ఉంటే చెబుతుంది. కాబట్టి అడ్డం భాష కాదు.

ఉర్దూలో సైన్సు కుదరదనేవాళ్లు మన ఊళ్లోనే జరిగింది మరిచిపోయారు. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో ఉర్దూ మాధ్యమంతోనే మొదలైంది. అంతకు ఏడాది ముందే పుస్తకాలు అనువదించడానికి దారుల్ తర్జుమా పెట్టారు. భౌతికం, రసాయనం, వైద్యం ఉర్దూలో చెప్పారు. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత ఆ బోధన పోయి ఇంగ్లీషు వచ్చింది. భాష చేతకాక పోలేదు, రాజ్యం మారి పోయింది.

ఇంగ్లీషు మీడియం తెచ్చాం కదా అంటారు. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా తెచ్చారు. మాకు ఇంగ్లీషు వద్దని ఎవరన్నారు? కావాలి. కానీ ఖాళీ కుర్చీకి ఇంగ్లీషు పేరు పెడితే అది పాఠం చెప్పదు. మైనారిటీ గురుకులాలు 204 ఉన్నాయంటారు. మంచిదే. ఆ గేటు లోపల సీటు దొరకని పిల్లల మాటేమిటి? వాళ్లే ఆ అరుగు మీద ఉన్నారు.

ఇక మనవాళ్ల సంగతి. జల్సా వేదిక ఎక్కితే ఇబ్నుల్ హైసమ్ పేరు లేకుండా మన నాయకుడి నోరు తెరుచుకోదు. వెయ్యేళ్ల కిందట కితాబుల్ మనాజిర్ రాశాడు, వస్తువు నుంచి కాంతి కంట్లోకి వస్తేనే చూపు అని నిలబెట్టాడు, నిజమే. ఆయన రాసిన ఆ కాంతి పాఠమే మన బడిలో చెప్పే దిక్కు లేకపోతే ఈ నాయకుడు ఏ రోజైనా డీఈవో ఆఫీసు మెట్లెక్కాడా? తాతల ఘనత ఓటు తెస్తుంది, మార్కులు తేదు.

ఆడపిల్లల గురించి అసలే మాట్లాడరు. మగపిల్లలకు అరుగుంది, మసీదు మెట్లున్నాయి, హోటలు బల్ల ఉంది. ఆడపిల్ల ఎక్కడ కూర్చోవాలి? ఒక్క గది ఇంట్లో తమ్ముళ్లు పడుకున్నాక, అమ్మీ కుట్టుమిషన్ పక్కన, ఒక్కతే. పక్క గల్లీ స్నేహితురాలి ఇంటికి మగ్రిబ్ తర్వాత పంపరు. కలిసి చదివే ఆ కాస్త ఆసరా కూడా సగం కౌముకు లేదు. దీనికి సర్కారును తిట్టి లాభం లేదు. ఆ తలుపు వేసింది మనమే.

ఉర్దూ ఘర్-కమ్-షాదీఖానా అని మన పేరు మీద సర్కారు కట్టించిన హాళ్లున్నాయి. పెళ్లిళ్లకు తెరుస్తారు. పేరులో ముందున్నది ఉర్దూ ఘర్ అని గుర్తుందా? పరీక్షలకు ముందు రెండు నెలలు వాటిని పిల్లలకివ్వండి. సాయంత్రం ఆడపిల్లలకు, రాత్రి మగపిల్లలకు. ఒక నల్లబల్ల, ఒక ఫ్యాను, ఉర్దూ వచ్చిన ఒక సైన్సు టీచరు. ఇచ్చాక కూడా మా పిల్లలు కలిసే చదువుతారు, వాళ్లకది అలవాటు. కాకపోతే అడిగిన ప్రశ్నకు గైడు కాక మనిషి జవాబు చెబుతాడు.

సన్మానాలు, శాలువాలు, ఫోటోలు ఫలితాలు వచ్చాక చూసుకుందాం. ముందు ఆ మైనస్ ఎందుకో చెప్పే మనిషిని పంపండి.